మా మరిది కలకత్తా గిటారు

మరిది పోయాడన్న కబురు శనివారం పొద్దున, నేను దేవునికి తులసిమాల కడుతుండగా వచ్చింది. ముందురోజు సాయంత్రం నుంచి తను మహబూబ్‌నగర్ దవాఖానలో ఉన్నాడు. మా ఆయన, నా తోడికోడలు అక్కడే ఉన్నారు. ఇంట్లో నేను, అత్తమ్మ. ఫోను మోగినప్పుడల్లా అత్తమ్మ నా ముఖం చూసేది. నేను తల అడ్డంగా ఊపితే మళ్ళీ రాట్నం మీద కండెలకు నూలు చుట్టుకునేది. ఆ రాత్రంతా మేమిద్దరం అట్లనే గడిపాం. ఆమె చేతికి పని లేకపోతే భయం వేస్తుంది. నాకు నోట్లో నామం లేకపోతే భయం వేస్తుంది.

పొద్దున మోగినప్పుడు ఎత్తాను. అవతల మా ఆయన గొంతు. "తమ్ముడు పోయిండే" అన్నాడు. ఆ తర్వాత ఏం మాట్లాడాడో నాకు గుర్తు లేదు. సగం కట్టిన మాల అట్లనే స్వామి పటం ముందు పెట్టాను. అత్తమ్మ రాట్నం ఆపింది. "గుండెనేనా?" అని అడిగింది. "ఔ అత్తమ్మా" అన్నాను. ఆమె ఏడవలేదు. కండె మీది దారం కొస వెతికి పట్టుకొని, తెగకుండా ముడి వేసి, అప్పుడు లేచింది.

నాకంటే నాలుగేళ్ళు చిన్న నా మరిది. నేను కోడలుగా వచ్చిన నాడు గడపలో అడ్డం నిలబడి "వదినా, పేరు చెప్తేనే లోపటికి" అని ఏడిపించిన మనిషి. తన గురించి నాలుగు మాటలు రాయమని మన నేత కుటుంబాల పత్రిక వాళ్ళు అడిగారు. నేను పదో తరగతి వరకే చదివాను. పాట శాస్త్రం నాకు తెలియదు. కానీ మీలో చాలామంది మన దిక్కు పెళ్ళిళ్ళలో, పండుగ పందిళ్ళలో తనను చూసే ఉంటారు. స్టేజీకి ఎడమ కొసన నిలబడి గిటారు వాయించే సన్నటి మనిషి. చూసినవాళ్ళు నన్ను ఒక్కటే అడిగేవాళ్ళు. "మీ మరిది అంత బాగ వాయిస్తడు గదమ్మా, ఆ పాత గిటారునే ఎందుకు పట్టుకొని ఏలాడుతడు?" దానికి నాకు తెలిసినంత జవాబు చెప్పడమే ఈ రాత.

మాది మక్తల్ దిక్కు. మా ఆయనకు జడ్చర్లలో కంపెనీ పని దొరికితే అందరం ఇక్కడికి వచ్చి కిరాయి ఇంట్లో ఉన్నాం. వెనక గదిలో మగ్గం వేసుకున్నాం. పగలు మరిది మగ్గం మీద, అత్తమ్మ రాట్నం దగ్గర. సాయంత్రం మరిది స్నానం చేసి, ఇస్త్రీ అంగీ వేసుకొని ఆర్కెస్ట్రాకు పోయేవాడు. ఎక్కడ పెళ్ళి భోజనం పెట్టినా అమ్మకని ఒక లడ్డు రుమాలులో చుట్టి తెచ్చేవాడు. రుమాలు నిండా నెయ్యి మరకలే. ఉతికీ ఉతికీ నా తోడికోడలికి కోపం వచ్చేది.

గిటారు మాత్రం కలకత్తాలో చేసింది. కరెంటుతో మోగేది. దాని తల మీద కంపెనీ పేరు వంకర అక్షరాలతో ఉండేది. సగం అరిగిపోయింది. ఆ పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరిగేది కాదు. అందుకే అందరం దాన్ని 'కలకత్తా' అనే పిలిచాం. మరిదికి మహబూబ్‌నగర్‌లో గిటారు నేర్పిన సారు దగ్గర అదే కంపెనీది ఉండేదట. దాని మీదే మొదట వేళ్ళు కోసుకుపోయి రక్తం కారిందట. తర్వాత తను ఒకరు వాడి అమ్మిన కలకత్తాను కొనుక్కున్నాడు. ఆ కంపెనీ ఎప్పుడో మూతబడింది. అయినా ఎక్కడ ఆ గుర్తు కనబడ్డా ఆగేవాడు. ఫోనులో అట్లాంటి గిటార్లు ఉన్నవాళ్ళంతా ఒక గుంపు. తెలుగువాళ్ళు, కన్నడం వాళ్ళు, ఎవరెవరో. పొద్దున లేస్తే ఒకరికొకరు గిటార్ల ఫోటోలు పంపుకొనేవాళ్ళు, మనం దేవుని ఫోటోలు పంపుకున్నట్టు.

ఇది ఒక్క మా మరిది పిచ్చి మాత్రమే కాదని నాకు ఆర్కెస్ట్రా వాళ్ళు ఇంటికొచ్చినప్పుడు తెలిసింది. చాయ్ ఇచ్చే లోపల వాళ్ళ కొట్లాట మొదలయ్యేది. కీబోర్డు వాయించే అతనికి జపాన్ కంపెనీ తప్ప ఇంకోటి ముట్టుకుంటే చెయ్యి మైల పడ్డట్టే.

"నీ కలకత్తా మెడ గంత లావుంటది. గిటారా, రోకలా?" అనేవాడు.

"లావుంటేనే చెయ్యికి ఆసరా. నీ జపానుది మీట నొక్కితే దానంతటదే మోగుతది. నువ్వు ఇంటికి పోయి పండుకున్నా మోగుతది" అనేవాడు మరిది.

"అది గిటారు గాదమ్మా, మావోనికి మొదటి పెండ్లాం" అనేవాడు కీబోర్డు అతను నాతో.

వంటింట్లోంచి నా తోడికోడలు గట్టిగా, "మొదటి పెండ్లామైతే రొట్టెలు గూడ దాన్నే చేయమను" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. నవ్వుతూనే మరిది దాన్ని తువ్వాలలో చుట్టేవాడు. ఎప్పుడూ నేల మీద పెట్టేవాడు కాదు.

నేనూ ఒకసారి అడిగాను. "గంత పట్టుదల ఎందుకయ్యా? అన్నిటికీ ఆరు తీగెలే గదా."

"నువ్వు శనివారం శనివారం మన్యంకొండకే ఎందుకు పోతవు వదినా? జడ్చర్లల వెంకటేశ్వరస్వామి లేడా?"

నేను నవ్వి ఊరుకున్నాను. కానీ మాట మనసులో పడింది. నిజమే, స్వామి అంతటా ఒక్కడే. మరి నేను ఆ గుట్టకే ఎందుకు పోతాను? ఏ మెట్టు దగ్గర ఆయాసం వస్తుందో నా మోకాళ్ళకు తెలుసు. ఏ మలుపు దగ్గర గాలి తగులుతుందో తెలుసు. నా బిడ్డకు జ్వరం ముదిరినప్పుడు నేను నోరు తెరిచి ఏడ్చింది అక్కడే. ఇంకో గుడిలో స్వామి నన్ను వినడని కాదు. అక్కడైతే నేను మొదటి నుంచి చెప్పుకోనక్కరలేదు.

తెలంగాణ వచ్చిన తర్వాత మూడు నాలుగేళ్ళకు పెళ్ళిళ్ళ తీరు మారింది. ఫంక్షన్ హాళ్ళు పెద్దవయ్యాయి. స్టేజీ వెనక పెద్ద తెర పెట్టి, పాడేవాళ్ళనూ వాయించేవాళ్ళనూ దగ్గరగా చూపించడం మొదలైంది. ఆర్కెస్ట్రా ఓనరు చెడ్డ మనిషి కాదు. మరిదికి ఎన్నో ఏళ్ళు పని ఇచ్చిన మనిషే. ఒకరోజు ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"తమ్మీ, తెర మీద నీ గిటారు మూతి గీ గోడంత కనబడుతున్నది. పెయింటు ఊసిపోయింది, పేరు అరిగిపోయింది. పెండ్లివారు అడుగుతున్నరు, గా పాత సామానేందని. నేను కొత్తది తెప్పించిన. పెద్ద కంపెనీది. ఇగ అది వాయించు."

"మోత బాగ లేదన్నరా అన్నా ఎవరన్న?"

"మోత ఎవరు జూస్తరు తమ్మీ!"

మరిది ముఖం నల్లబడింది. "నా కలకత్తా స్టేజీ మీద ఎన్నడన్న ఆగిందా?" అన్నాడు.

"ఆగలే. ఆగే రోజు వస్తది. అందుకే చెప్తున్న."

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. దసరా నవరాత్రుల్లో నవమి సాయంత్రం మా కాలనీ అమ్మవారి పందిట్లో ప్రోగ్రాం. ఆ రోజు కలకత్తా ఆగకుండా మోగితే స్టేజీ మీద ఉంటుంది. ఒక్కసారి ఆగినా మళ్ళీ స్టేజీ ఎక్కదు. మరిది సరేనన్నాడు. ఓనరు పోయిన తర్వాత అత్తమ్మ కొడుకును అడిగింది. "ఆగుడంటే ఏంది బిడ్డా? తీగె తెగుడా?" "గట్లనే అనుకోమ్మా" అన్నాడు తను, ఆమెకు విడమరిచి చెప్పే ఓపిక లేక.

నవమి నాడు మనం మగ్గానికి చేసే పూజ మీ అందరికీ తెలుసు. మగ్గం తుడిచి, అటూ ఇటూ దారం తీసుకుపోయే నాడెకూ పలకలకూ పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొడతాం. ఆ పొద్దున మరిది క్షవరానికి పోయాడు. నేను ప్రసాదం పని మీద ఉన్నాను. అత్తమ్మ మగ్గం పక్కన గిటారును కూడా పెట్టింది. అది కొత్త కాదు, ఏటా దానికీ ఒక బొట్టు పెట్టేది. కానీ ఆ ఏడు ఆమె మనసులో తీగె తెగుతుందన్న భయం ఉంది. తీగె తెగకుండా ఉండాలంటే ఏం చేయాలో ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఎండ కాసే రోజు పడుగు దారాలు తెగకుండా ఏం చేస్తామో అదే చేసింది. పలచటి గంజి కాచి, చల్లార్చి, కుంచెతో ఆరు తీగెలకూ పై నుంచి కింది దాకా పెట్టింది. ఆ తీగెల కింద మోతను పట్టుకునే రెండు ముక్కలు ఉంటాయి. పికప్పులంటారు. గంజి వాటి లోపలికి దిగింది. కింద మీటల సందుల్లోకి దిగింది. పైన పసుపు నీళ్ళు చల్లి, దండం పెట్టుకుంది.

మరిది వచ్చి గడపలో నిలబడ్డాడు. నేను వంటింట్లోంచి చూస్తున్నాను. తన చేతిలోని సంచి నెమ్మదిగా కిందికి జారింది. అత్తమ్మ వెలిగిపోతున్న ముఖంతో, "ఇగ తెగదు బిడ్డా" అంది.

నా తోడికోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మరిది వచ్చి గిటారు ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక తీగెను వేలితో తాకి చూసుకున్నాడు. వేలు అంటుకుంది.

"అమ్మా, గంజిల ఉప్పేసినవా?"

"మగ్గం గంజిల ఉప్పెందుకేస్త?"

"అయితే బతికింది, తుప్పు పట్టదు" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు తన కళ్ళ దాకా పోలేదు. ఆమె కూడా నవ్వింది. తర్వాత ఒక్కొక్కరి ముఖం చూసి, నవ్వు ఆపేసి, "తప్పు చేసిన్నా?" అని అడిగింది. "లేదమ్మా, తీగెలు మార్చేదే ఉండె" అన్నాడు.

ఆ తర్వాత పొద్దు గూకే దాకా మా ఇంట్లో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు. తీగెలన్నీ విప్పాడు. స్క్రూలు తీశాడు. నేను మెత్తటి పాత చీర పేలికలు చించి ఇస్తుంటే, తోడికోడలు పుల్లకు దూది చుట్టి సందులు తుడుస్తుంటే, మా ఆయన టేబులు ఫ్యాను పట్టుకొని కూర్చున్నాడు. అత్తమ్మ దగ్గరికి వస్తే పనికి అడ్డమని, దూరంగా ఉంటే మనసు ఆగదని, గడప మీదే కూర్చుంది. నేను పైకి అనలేదు కానీ లోపల విష్ణుసహస్రనామం చదువుతూనే ఉన్నాను. కొత్త తీగెలు ఎక్కించి, ఇంట్లో ఉన్న చిన్న స్పీకరుకు తగిలించాడు. మొదట గరగరమన్నది. మీట అటూ ఇటూ తిప్పాడు. గరగర పోయి, శుభ్రమైన మోత వచ్చింది. అత్తమ్మ గడపకు దండం పెట్టింది.

పందిట్లో దీపాలు పెట్టే వేళకు మేమంతా ముందు వరుసలో కూర్చున్నాం. మొదటి పాట అమ్మవారిది. కలకత్తా మోగింది. రెండోదీ మోగింది. ఓనరు స్టేజీ పక్కన కుర్చీలో కూర్చొని మా మరిదినే చూస్తున్నాడు. అతని కాళ్ళ దగ్గర కొత్త గిటారు నల్లటి పెట్టెలో ఉంది. నేను పాట వినడం లేదు. మరిది కుడి చెయ్యి మీట దగ్గరికి పోయినప్పుడల్లా అత్తమ్మ నా మణికట్టు పట్టుకుంటోంది.

మూడో పాట సగంలో గిటారు ఒక్కటే మోగాల్సిన చోటు వచ్చింది. మిగతా వాళ్ళంతా ఆగారు. మరిది తల వంచి మొదలుపెట్టాడు. రెండు వరుసలు వినబడ్డాయి. ఆ తర్వాత తన వేళ్ళు కదులుతున్నాయి కానీ ఏమీ వినబడడం లేదు. వైరు లాగి పెట్టాడు. మీట కొట్టాడు. గర్రుమని ఒక్కసారి అరిచి, మూగపోయింది. వెనక నుంచి ఎవరో ఈల వేశారు. అత్తమ్మ గోళ్ళు నా చేతిలో దిగాయి.

ఓనరు లేచాడు. పెట్టె తెరిచి, కొత్త గిటారు తీసి, స్టేజీ మీదికి చాపాడు. మా మరిది దాని దిక్కు చూశాడు. ఆ కాసేపు తను తీసుకోడనే అనుకున్నాం. ఇంట్లో అందరం ఒకటే అనుకునేవాళ్ళం, తనకు కలకత్తా తప్ప ఇంకోటి చేతకాదని. చేతకాకనే అంత పట్టుదల అని.

తను కలకత్తాను భుజం నుంచి తీశాడు. కింద పెట్టలేదు. కీబోర్డు అతనికి ఇచ్చాడు. కొత్తది తగిలించుకున్నాడు. ఆగిన చోటు నుంచే అందుకున్నాడు.

అది ఎంత బాగా మోగిందో ఇప్పటికీ చెప్పలేను. నీళ్ళు జారినట్టు మోగింది. పందిరంతా చప్పట్లు. ఓనరు రెండు చేతులెత్తి చప్పట్లు కొట్టాడు. మేమూ కొట్టాం. అత్తమ్మ అయితే ఏడ్చుకుంటూ కొట్టింది. తన గంజి వల్లే కొత్తది కొడుకు చేతికొచ్చిందని, అమ్మవారే చేయించిందని పక్కన కూర్చున్నవాళ్ళకు చెప్పుకుంది. మరిది విని, కాదనలేదు. చనిపోయే దాకా ఆ మాట కాదనలేదు.

తెల్లారి మగ్గం దగ్గర ఎవరూ లేనప్పుడు నేను అడిగాను. "గంత మంచిగ వాయించినవు గదయ్యా. మరి ఇన్నేండ్ల కొట్లాట ఎందుకు?"

నాడె ఆపకుండానే చెప్పాడు. "నిన్న నడిమిట్ల నాకు తప్పు పడ్డది వదినా. పెద్ద తప్పే. మీకు వినబడ్డదా?"

"లేదు."

"నాకు గూడ సరిగ వినబడలే. కొత్తది గట్ల దాసిపెట్టింది. కలకత్తా దాయది. వేలు జర పక్కకు వడ్డా పట్టిస్తది. ఆరేండ్లు తిట్టించుకున్న దాని తోటి. నాకు సంగీతం నేర్పింది సారు గాదు, గదే." కాసేపు నేసి, మళ్ళీ అన్నాడు. "మెచ్చుకునేటోళ్ళు ఎక్కడైన దొరుకుతరు. తప్పు చెప్పేటోళ్ళను ఇడిచిపెట్టొద్దు."

ఒప్పందం ఒప్పందమే. ఆ తర్వాత స్టేజీ మీద కొత్తదే. కానీ ప్రతి పెళ్ళిళ్ళ సీజన్ ముందూ మరిది ఓనరును అడిగేవాడు. "అన్నా, బాగు చేయిస్తున్న. ఒక్క పాటకన్న తీస్కరానా?" ఓనరు "సూద్దాం తమ్మీ" అనేవాడు. తను దాన్ని బాగు చేయించడానికే తిరిగాడు. రెండు పికప్పులూ లోపల తుప్పు పట్టి పోయాయని మెకానిక్ చెప్పాడు. వేరే కంపెనీవి పెడతానంటే మరిది ఒప్పుకోలేదు. "ఒళ్ళు దానిది, గొంతు ఇంకొకలదా?" అన్నాడు. అప్పుడు ఫోను గుంపులో వెతికితే నల్లగొండ దిక్కు కేతేపల్లిలో ఒక పెద్దాయన దగ్గర అదే కంపెనీ గిటారు ఉన్నట్టు తెలిసింది. మేము యాదగిరిగుట్టకు మొక్కు తీర్చుకోవడానికి పోయి, అక్కడి నుంచి నేను, మరిది, తోడికోడలు కేతేపల్లికి పోయాం.

పెద్దాయన ఇంటి ముందు వడ్లు ఎండబోసి, మంచం మీద కూర్చొని కావలి కాస్తున్నాడు. ఒకప్పుడు నాటకాలకు గిటారు వాయించేవాడట. మరిది పికప్పుల మాట ఎత్తగానే, పూర్తికాకముందే అందుకున్నాడు.

"నా గిటారును మూగది జేసి, నీదాన్ని మాట్లాడిస్తవా?"

"గదే నాకూ మనసొప్పుతలే పెద్దనాయినా. ఇంకెక్కడ దొరకక వచ్చిన."

"ఏమైంది నీదానికి?"

"నీళ్ళు వడ్డయి."

"నీళ్ళు గాదు తాతా, మగ్గం గంజి. మా అత్తమ్మ గంజి వెట్టింది" అన్నది తోడికోడలు.

"గంజా?" పెద్దాయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "నేతోళ్ళ ఇంటికి కోడలుగ వోయినంక గంజి తాగక తప్పుతదా!" తర్వాత కళ్ళు తుడుచుకొని లోపలికి పోయి తన గిటారు తెచ్చాడు. "వాయించు. సూస్త."

అప్పటికి మరిది కలకత్తా పట్టక రెండేళ్ళు దాటింది. వాయిస్తూ వాయిస్తూ మెడ మీది ఒక మెట్టు దగ్గర వేలు జారింది. గిటారు చీమిడి చీదినట్టు చప్పుడు చేసింది. మరిది సిగ్గుతో ఆగిపోయాడు. పెద్దాయన ముందుకు వంగాడు.

"గా మెట్టు మీదనేనా? నాకు గూడ అక్కడనే తప్పుతది. నలభై ఏండ్లాయె, అక్కడనే."

"మా సారుకు గూడ అక్కడనే" అన్నాడు మరిది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎన్నడూ కలవని మనుషులు, ఒకే తప్పు. పెద్దాయన ఇంకేమీ అడగలేదు. "రెండున్నయి. ఒకటి నువ్వు తీస్కో, ఒకటి నాకుంచు. ఇద్దరికీ సగం గొంతు" అన్నాడు. ఆయనే స్క్రూలు విప్పి ఇచ్చాడు. బస్సులో జడ్చర్ల దాకా మరిది ఆ ముక్కను అంగీ జేబులో పెట్టుకొని, పైన అరచెయ్యి తీయకుండా కూర్చున్నాడు.

సగం గొంతుతో కలకత్తా మళ్ళీ మా వెనక గదిలో మోగింది. ప్రతిరోజూ మగ్గం దిగాక కాసేపు వాయించుకునేవాడు. తప్పు పడితే మళ్ళీ మొదటి నుంచి. సీజన్ రాగానే ఓనరును అడగడం, ఓనరు "సూద్దాం" అనడం. మొన్నటి సీజన్‌కు ముందు కూడా అడిగి వచ్చి, "ఈసారి అన్న జర మెత్తవడ్డడు వదినా" అన్నాడు. ఆ సీజన్ మొదలయ్యేలోపలే, జడ్చర్ల బస్టాండులో ఛాతీ పట్టుకొని కూలబడ్డాడు.

దినవారాలు అయిన తర్వాత ఒక పొద్దున ఓనరు కారులో వచ్చాడు. అత్తమ్మ కాళ్ళకు మొక్కి కింద కూర్చున్నాడు.

"ప్రతి సీజన్ అడిగేటోడు. సూద్దాం, సూద్దాం అన్న. సూసేదేదో ముందే సూస్తే ఏం పోతుండె నాది?" అన్నాడు. తర్వాత తోడికోడలి దిక్కు తిరిగాడు. "చెల్లె, కలకత్తాను ఇస్తవా? స్టేజీ మీద తమ్ముని ఫోటో పెట్టి, పక్కన దాన్ని నిలబెట్టి దండ వేస్త."

అత్తమ్మ వెంటనే, "తీస్కపో బిడ్డా. నా చెయ్యి తాకినంకనే అది మూగవోయింది. దాని దిక్కు చూడలేకపోతున్న" అంది. ఆమెకు అంతా తెలుసునని నాకు అప్పుడు తెలిసింది.

తోడికోడలు గిటారు దిక్కు తిరిగింది. ఇయ్యదేమో అనుకున్నాను. ఇస్తే ఇల్లు బోసిపోతుంది, ఇయ్యకపోతే అత్తమ్మ కుమిలిపోతుంది. నేను ఎవరి పక్కన మాట్లాడాలో తెలియక స్వామిని తలుచుకున్నాను.

"అన్నా, దండకైతే ఇయ్యను. వాయిస్తే ఇస్త" అంది ఆమె చివరికి.

ఓనరు తల గోక్కున్నాడు. "నల్లగొండ నుంచి కొత్తగ ఒకామె వాయిస్తానికి వస్తున్నది. చేతులు చిన్నయి. దీని మెడ లావు. తప్పులు వడ్తయి గదా చెల్లె."

"పడనియ్యి. ఆయనకు గూడ పడ్డయి."

"పెద్ద తెర మీద కనబడ్తది మరి."

"కనబడనియ్యి."

ఓనరు లేచి నిలబడ్డాడు. "సరే, వాయిపిస్త" అన్నాడు. ఈసారి 'సూద్దాం' అనలేదు.

తోడికోడలు గిటారును ఒక్కసారి ఒళ్ళో పెట్టుకొని, అత్తమ్మ దగ్గరికి తీసుకుపోయింది. అత్తమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. తోడికోడలు ఆమె చెయ్యి పట్టి దాని మీద పెట్టించింది. ఇద్దరూ అట్లనే ఉన్నారు. ఎవరూ ఏడవలేదు.

ఓనరు దాన్ని కారు వెనక సీటులో పడుకోబెట్టబోయి ఆగాడు. ముందు తలుపు తెరిచి, తన పక్క సీటులో నిటారుగా కూర్చోబెట్టాడు. జారుతుందేమోనని బెల్టు లాగి పెట్టాడు. కారు మా సందులోంచి నెమ్మదిగా పోయింది. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. వెనక అద్దంలోంచి ఓనరు తల, పక్కన కలకత్తా తల, ఒకే ఎత్తులో కనబడ్డాయి. పెద్ద రోడ్డు మలుపు దగ్గర కారు తిరిగినప్పుడు అది కొంచెం పక్కకు ఒరిగింది. ఓనరు ఒక చెయ్యి చాపి, దాని భుజం పట్టుకున్నాడు.